ఇంటి రౌటర్‌కు ఐపీ ఫిల్టర్

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్ లాంఛనంగా మొదలైంది. ఇవాళ కపిలేశ్వరపురం లాంటి గోదావరి ఒడ్డు ఊళ్లలోనూ రౌటర్ ఇంటి సామానైపోయింది. దాని మీదే ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా, పిల్లల ల్యాప్‌టాప్ నడుస్తాయి.

వీటిలో ప్రతిదానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. 192.168.1.5 లాంటి ఆ నంబరే ఐపీ అడ్రస్. ఏ నంబరును ఇంటర్నెట్‌లోకి వదలాలో, దేన్ని ఆపాలో చెప్పేది ఐపీ ఫిల్టర్.

ఫిల్టర్ పెట్టాలంటే ముందు రౌటర్ అడుగున స్టిక్కర్ చూడండి. లాగిన్ చిరునామా దాని మీదే ఉంటుంది; చాలావాటికి 192.168.1.1. బ్రౌజర్‌లో అది కొట్టి లాగిన్ అయితే, సెక్యూరిటీ లేదా ఫైర్‌వాల్ మెనూలో ఫిల్టర్ కనిపిస్తుంది. బ్లాక్‌లిస్ట్ పెడితే మీరు రాసిన నంబర్లే ఆగుతాయి. వైట్‌లిస్ట్ పెడితే రాసినవి మాత్రమే వెళ్తాయి. అందులో మీ ఫోన్ ఐపీ నంబరు చేర్చకుండా సేవ్ చేశారో, ముందు మీ నెట్టే ఆగిపోతుంది! చాలా రౌటర్లలో పిల్లల చదువు వేళలకు టైము కూడా పెట్టుకోవచ్చు.

ఒక చిక్కుంది. రౌటర్ ఇచ్చే ఐపీ నంబరు మారిపోవచ్చు. నిన్న ల్యాప్‌టాప్‌కున్న నంబరు రేపు టీవీకి రావచ్చు. అందుకని రౌటర్ మెనూలోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో, ఫిల్టర్ పెట్టే పరికరానికి ఒకే నంబరు ఖాయం చేయండి. ఐపీవీ6 అనే కొత్త తరహా ఐపీ అడ్రస్ ఆన్‌లో ఉంటే దానికి వేరే ఫిల్టర్ కావాలి. లేకపోతే ఆ దారిన నెట్ వెళ్లిపోతుంది.

అన్నిటికన్నా ముందు, స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఇవాళే మార్చేయండి. అది తెలిసినవాళ్లు మీ ఫిల్టర్‌ను క్షణంలో తీసేయగలరు.