సూట్‌కేసు కంటే ముందు సర్దుకోవలసినవి

(మన ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ విహారయాత్రకు ఎలా సిద్ధం కావాలో చెప్పమని నన్ను అడిగారు. కొన్నాళ్ళు ఫారెక్స్ సీట్లో కూర్చున్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని అనుకుని ఉంటారు. మా అమ్మను శ్రీలంక తీసుకువెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

అమ్మకు 71 ఏళ్ళు. అష్టాదశ శక్తిపీఠాల్లో మన రెండు రాష్ట్రాల్లో ఉన్న అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసేసింది. లెక్కలో మొదటిదైన శాంకరీదేవిని చూడాలని ఆవిడ కోరిక. ఆ గుడి శ్రీలంక తూర్పు తీరాన, ట్రింకోమలీలో, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండపై కోణేశ్వరస్వామి ఆలయం పక్కన ఉంది. పౌర్ణమి నాడే దర్శనం కావాలంది. సరేనన్నాను.

కాగితాల పనిలో నేను తప్పు చేయలేదు. ఉద్యోగిగా విదేశం వెళ్ళేముందు బ్యాంకు అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాను. సెలవు మంజూరైతే చాలనుకోకండి, ఇది వేరే అనుమతి. పాస్‌పోర్టుల గడువు అక్కడ దిగే రోజు నుంచి కనీసం 6 నెలలు ఉందా అని చూశాను. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్ళకే ముగుస్తుంది, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరుతో ఇంకో చిక్కు. ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటుంది. టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. వీసా అనుమతికి ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టండి. దాన్ని పోలిన పేర్లతో ఎక్కువ సొమ్ము లాగే సైట్లు చాలా ఉన్నాయి.

మరో మాట. ఎల్‌ఎఫ్‌సి మీద విదేశం చుట్టి వద్దామని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. అలా విదేశం మీదుగా చేసిన ప్రయాణానికి పన్ను మినహాయింపు లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ ఆశ వదులుకుని సొంత డబ్బుతో లెక్క వేసుకోండి.

ఇక నా తప్పులు.

వేసవి సెలవుల్లో వెళ్ళాం. పౌర్ణమి నాడు గుడికి వెళ్ళే ఎత్తు దారిలో, ఎండలో, అమ్మ కళ్ళు తిరిగి కూలబడిపోయింది. మా వ్యాను డ్రైవరు దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఏ మందులు వాడతారు?" అమ్మ చెప్పింది, "పొద్దున తెల్ల మాత్ర, రాత్రి గులాబీ రంగుది." రేకులన్నీ విప్పి వారాల డబ్బాలో సర్దింది నేనే. చీటీ ఇంట్లో ఉంది. మందు పేరు నాకు తెలియదు. ఆవిడకు కొడుకుని, పక్కనే నిలబడి ఉన్నాను, తెలియదు.

తర్వాత కౌంటరులో డబ్బు కట్టమన్నారు. కార్డు ఇచ్చాను. పనిచేయలేదు. కార్డు ఇచ్చేటప్పుడు దేశీయ లావాదేవీలకే తెరిచి ఉంటుందని, విదేశీ వాడకం ఖాతాదారే ఆన్ చేసుకోవాలని 2020 నుంచి నియమం. ఈ మాట ఎందరు కస్టమర్లకు చెప్పానో లెక్కలేదు. నా కార్డుకు నేను చేసుకోలేదు. పోనీ యాప్‌లో మారుద్దామంటే ఫోనులో అక్కడి సిమ్ ఉంది. మన సిమ్ పెడితే రోమింగ్ లేదు, ఓటీపీ రాదు. దగ్గర డాలర్లున్నాయి, మార్చేవాళ్ళు లేరు. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవే, బ్యాంకులు కూడా మూతే. అమ్మ ముహూర్తం చూసింది, నేను సెలవుల జాబితా చూడలేదు.

ఆ రోజు డబ్బు కట్టింది మా డ్రైవరు. నాలుగు రోజుల పరిచయం. "అమ్మ సంగతి చూడండి సార్, డబ్బు తర్వాత" అన్నాడు. బ్యాంకు తెరిచాక డాలర్లు మార్చి ఇచ్చాను. తలెత్తి ఇవ్వలేకపోయాను.

ఇన్సూరెన్సు లేదా అంటారేమో. ఉంది. ఫారంలో "ఇంతకుముందు జబ్బులున్నాయా?" అన్నచోట, ప్రీమియం పెరుగుతుందని "లేవు" అని టిక్కు పెట్టాను. అమ్మకు బీపీ 12 ఏళ్ళుగా ఉంది. రుణ దరఖాస్తులో ఖాతాదారు పాత అప్పు దాస్తే మనం ఏమంటాం? అదే పని నేను చేశాను. క్లెయిము పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

అందుకే మీకు చెప్పేవి కొన్నే. బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు ఇవి పూర్తి చేయండి.

డబ్బు మూడు చోట్ల ఉండాలి. కొంత నగదు, ఒక ఫారెక్స్ కార్డు, విదేశీ వాడకం ఆన్ చేసిన మరో కార్డు. అన్నీ ఒకే పర్సులో వద్దు. విదేశీ కరెన్సీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా, మన రూపాయలు 25,000 దాకా తీసుకెళ్ళవచ్చు. నేపాల్, భూటాన్‌లకు నియమాలు వేరు. దిగిన రోజునే రెండు రోజుల ఖర్చుకు సరిపడా అక్కడి డబ్బు మార్చుకోండి. కార్డు గీసేటప్పుడు "రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా?" అని అడిగితే స్థానిక కరెన్సీయే అనండి. రూపాయలంటే మారకం రేటులో నష్టపోతాం.

మందులు చేతి సంచిలో, రేకులతోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. కంపెనీ పేరు దేశాన్ని బట్టి మారుతుంది, అందుకని మందు అసలు పేరు రాయించుకోండి. ఇన్సూరెన్సు ఫారంలో నిజం రాయండి.

ఇంటికి వచ్చే ఓటీపీల కోసం రోమింగ్ పెట్టించండి. వెళ్ళే దేశపు అత్యవసర నంబరు ఇంట్లో అందరి చేతా చెప్పించండి. శ్రీలంకలో అంబులెన్సుకు 1990. మన 108 లాంటిదే, ఉచితం. మన దేశపు ఆర్థిక సాయంతో 2016లో మొదలైంది. ఈ నంబరు నాకు తెలిసింది ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాక.

అమ్మకు నీరసం తప్ప ప్రమాదమేమీ లేదన్నారు. రెండు రోజులాగి, పొద్దున్నే చల్లబాటువేళ మెల్లగా ఎక్కించాం. దర్శనమైంది. పౌర్ణమి తప్పిపోయిందే అని నేను నొచ్చుకుంటే, "అమ్మవారు ఎక్కడికీ పోలేదుగదరా" అంది.

తిరిగొచ్చాక మా ఇంట్లో బీరువా తలుపు లోపల అమ్మ మందుల పేర్లు రాసి అంటించాను. మీరు ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళగానే, ప్రయాణం ఉన్నా లేకపోయినా, ఆ ఒక్క పనీ చేయండి.

సెలవు.