ఊరి మాట – దూరపు మాట

రేడియో ప్రసంగం వినే శ్రోతకు ఆ మాట ఎక్కడినుంచి వస్తున్నదన్న విచారం సాధారణంగా ఉండదు. మాట బాగున్నదా, లేదా అన్నదే ముఖ్యం. ఐనను, ఎక్కడో తయారై వందల కేంద్రాలలో వినిపించే ప్రసంగానికీ, ఊరివారే ఊరివారికోసం చేసే ప్రసంగానికీ గల తారతమ్యం ఒక్కొక్కప్పుడు ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది.

అమెరికాలో రేడియో కేంద్రాలు చాలవరకు వ్యాపార సంస్థలవి. వివాదాస్పద విషయాలలో భిన్నాభిప్రాయాలకు తావీయవలెనన్న నియమం అక్కడ 1987లో రద్దైనది. మరుసటి ఏడు రష్ లింబా అనే వక్త రాజకీయ ప్రసంగాలు దేశమంతటా పంపిణీ కాసాగినవి. ఉపగ్రహం ద్వారా వచ్చే ఇట్టి కార్యక్రమానికి అనేక సందర్భాలలో కేంద్రం రొక్కమే ఇయ్యనక్కరలేదు. ప్రకటనలకు కొంత వ్యవధి విడిచిపెడితే చాలును. ఊరిలో ఒక వ్యాఖ్యాతను, ఒక విలేకరిని పోషించుటకంటె ఇది చౌక. 1996 నాటి చట్టం, దేశం మొత్తంమీద ఒక సంస్థకు ఇన్ని కేంద్రాలే ఉండవలెనన్న హద్దును కూడ తొలగించినది.

ఉత్తర డకోటా రాష్ట్రంలో మైనట్ అనే పట్టణం కలదు. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటిన పిమ్మట, అక్కడ గూడ్సుబండి పట్టాలు తప్పి, ట్యాంకులు పగిలి, అమ్మోనియా వాయువు ఊరిమీదికి వ్యాపించినది. ఒకరు మరణించారు, మూడువందల మందికి పైగా గాయపడ్డారు. పట్టణంలోని ఆరు వాణిజ్య కేంద్రాలూ ఒకే సంస్థవి. ఫోను చేస్తే కేంద్రం పలుకలేదని పోలీసులన్నారు. మనిషి ఉన్నాడనీ, హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగా వాడలేదనీ సంస్థ అన్నది. తప్పెవరిదైనా, చీకటిలో రేడియో త్రిప్పిన గృహస్థునకు కావలసిన మాట వేళకు అందలేదు.

ఇందువలన దూరపు మాట అక్కరలేదనరాదు. 1952లో ఆరంభమైన సంగీత జాతీయ కార్యక్రమం మహావిద్వాంసుల గానాన్ని మారుమూల ఇండ్లకు తెచ్చినది. ఏ చిన్న కేంద్రమూ తనంతట తాను అంతటి పని చేయజాలదు. అట్లే, స్థానికమైనంత మాత్రాన అలసత్వంతో చేసిన ప్రసంగం వినదగినది కాదు.

కాని కృష్ణా డెల్టాలో వరి పండించే రైతుకూ, అనంతపురంలో వాన కోసం ఎదురుచూచే వేరుసెనగ రైతుకూ ఒకే వ్యవసాయ ప్రసంగం సరిపోదు. తుపాను వేళ ఏ రేవున ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్నదే బెస్తవానికి అసలైన వార్త. జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో 2008లో దళిత మహిళలు ప్రారంభించిన సంగం రేడియో, విత్తనాలను గురించి, చిరుధాన్యాలను గురించి ఆ ప్రాంతపు పలుకుబడిలోనే చెప్పినది. వినేవారే చెప్పేవారు కావడం దాని బలం.

కనుక విచారించవలసినది ఏది గొప్ప అన్నది కాదు, దేనికి ఏది తగును అన్నది. సంగీతం, సాహిత్యం, లోకవార్త ఎంత దూరమునుంచి వచ్చినను స్వాగతమే. వాన, వరద, పంట, రోగం, దారి – వీనిని గురించి చెప్పుటకు మాత్రం, ఏ రాత్రియందైనను, మైక్రోఫోను ముందు ఆ ఊరి వీధులెరిగిన మనిషి ఒకడుండవలెను. ఆ ఒక్కని జీతాన్ని వృథా వ్యయమని ఏ కేంద్రమూ కొట్టివేయరాదు.