నాగార్జునకొండ: నీటి నడుమ నిలిచిన చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వానచుక్కకై ఆకసమువంక చూచు కర్నూలు, కడప సీమలవారికి ద్వీపయాత్ర యేల యని కొందరు నవ్వవచ్చును. కాని శ్రీశైలమునకు దిగువ, కృష్ణానది నడుమ, ఒక ద్వీపము కలదు. అది పుట్టుకతో ద్వీపము కాదు. ఆనకట్ట కట్టగా లోయ మునిగి, కొండ మాత్రము మిగిలినది. అదియే నాగార్జునకొండ.

క్రీస్తు శకము మూడు, నాలుగు శతాబ్దులలో ఆ లోయ ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికాభిమాని. ఆతని సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమునకు పోషకురాలు. అన్న యజ్ఞము చేసెను, చెల్లెలు స్తూపమునకు దానమిచ్చెను, ఇల్లు చీలలేదు. గెనెము తగవులకే ఊళ్లు రెండగుచున్న కాలమున ఈ సంగతి తలపోయదగినది.

బోధిసిరి యను ఉపాసిక శాసనము ఇంకను వింతయైనది. తామ్రపర్ణి, అనగా సింహళ ద్వీపపు ఆచార్యులకై ఆమె అచ్చట చైత్యగృహము కట్టించెను. సింహళ విహారమను పేరిట ఒక విహారము కూడ నుండెను. ఆనాడు ద్వీపవాసులు సముద్రము దాటి ఈ లోయకు వచ్చిరి. నేడు లోయలోని కొండయే ద్వీపమైనది.

ఈ శిథిలములను 1926లో ఎ. ఆర్. సరస్వతి గారు కనుగొనిరి. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. నీరు రాకమునుపే లోయను చదివి ముగింపవలెను. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యవమున త్రవ్వకములు సాగినవి. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి కొండపైనను, ఒడ్డున అనుపు వద్దను మరల నిలిపిరి. కొన్నిటికి నమూనాలు చేసిరి. తక్కినవి నీటి పాలైనవి. 1966లో కొండపై సంగ్రహాలయము వెలసినది.

చూడబోవువారు విజయపురి సౌత్ రేవున పడవ యెక్కవలెను. పడవ నడచునో లేదో ముందుగా విచారించుకొనుట మంచిది. శుక్రవారము సంగ్రహాలయమునకు సెలవు. కొండపై మెట్ల స్నానఘట్టమును, మధ్యయుగపు కోట గోడలును కలవు. సంగ్రహాలయమున ఆదిమానవుని రాతి పనిముట్లు, పల్నాటి సున్నపురాతి బుద్ధ విగ్రహము, జాతకకథల ఫలకములు చూడవచ్చును. ఫలకముల యెదుట త్వరపడరాదు. బుద్ధచరిత ఘట్టమునకును ఘట్టమునకును నడుమ ముచ్చటలాడు దంపతులను చెక్కినారు. వైరాగ్యము చెప్పుచునే సంసారమును త్రోసివేయని శిల్పులు వారు. అనుపులో మెట్ల వరుసల రంగస్థలమును గూడ చూచి రావలెను.

ఇక మన సంగతి. గ్రామలెక్కలలో జమ యొక్కటే వ్రాసి ఖర్చు వ్రాయకున్న ఆ లెక్క చెల్లదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు వలన విద్యుత్తు వచ్చినది. పోతిరెడ్డిపాడు మీదుగా సీమ పొలములకు నీరు వచ్చినది. ఇది జమ. పెక్కు గ్రామములు, పొలములు, గుళ్లు మునిగినవి. ఇది ఖర్చు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించిరి. కాని నదుల కూడలియందలి సంగమేశ్వరమున వేపమొద్దు శివలింగముగల గుడి జలాశయములోనే నిలిచినది. వేసవిలో నీరు తీయగా అది బయటపడును. వరద రాగా మరల మునుగును. మన చేలకు తడి పెట్టిన నీటిక్రింద ఇతరుల తాతముత్తాతల ఇండ్లున్నవని ఈ సీమ మరువరాదు. నీరు వలదని చెప్పుట కాదు. కరవు చూచినవాడెవడును ఆ మాట అనడు. అప్పు తెలిసి తినుమనియే చెప్పుట.

ఆ అప్పు తీర్చు మార్గమొకటి కలదు. మునిగినదానిని మరల తేలేము, మునుగనిదానిని కాపాడగలము. కడప జిల్లా కలమళ్ళ గుడి ఆవరణమున దొరకిన రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిది, తెలుగున వ్రాసిన తొలి శాసనమని విద్వాంసులు దానిని ఎంచుచున్నారు. అట్టి రాళ్లు పుట్టిన సీమలో శాసనపు బండపై బట్టలుదుకుట, వీరగల్లును గడపకు వేసికొనుట తగదు.

కనుక ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయమునందు ఒక తెల్లకాగితముల పుస్తకము తెరువబడవలెను. ఊరిలోని ప్రతి పాతరాయి యెచ్చటనున్నదియు, దానిపై ఏమున్నదియు అందు వ్రాయవలెను. ముంపు గ్రామములనుండి వచ్చి స్థిరపడిన వృద్ధులున్నచో వారి ఊరి గుడి, బావి, వీధుల పేర్లు వారి నోటనే విని వ్రాసికొనవలెను. విజయపురిని చదువుటకు ఆరేండ్ల గడువు దొరకినది. వృద్ధుల జ్ఞాపకమునకు అంత గడువు లేదు.

ఆ పుస్తకమున తొలిపుట నిండిన పిదప నాగార్జునకొండకు పడవ యెక్కుడు. అప్పుడా ద్వీపము వేడుకగా మాత్రమే కాక బంధువుగా కనిపించును.

స్వస్తి.