పాలస్తీనా చరిత్రలో రైల్వే, తపాలా కార్మికులు

(కోల్‌కతాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాలస్తీనా ప్రజలకు సంఘీభావం తెలుపుతూ తీర్మానాలు చేయడం మన సంఘాలకు కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి 1977లో నవంబరు 29వ తేదీని ఆ ప్రజల సంఘీభావ దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని ఎవరో ఒకరు చదువుతారు. అందరం చప్పట్లు కొడతాం. తరువాతి అంశం సాధారణంగా కరువు భత్యం కనుక హాలులో అసలైన కదలిక అప్పుడే వస్తుంది. ఎవరినీ నిందించడానికి ఈ మాట అనడం లేదు. మేమూ ఆ హాలులోనే కూర్చున్నాం. కాని ఈ సభ ఏర్పాట్ల సమయంలో ఖరగ్‌పూర్ మిత్రుడొకరు సూటిగా అడిగారు: "ఎక్కడి హైఫా, ఎక్కడి హౌరా? మనకూ వారికీ ఏమి సంబంధమండీ?" ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పడానికే ఈ సాయంకాలాన్ని తీసుకుంటున్నాము.

మన దేశంవారు హైఫాకు మొదట వెళ్లింది సంఘీభావంతో కాదు, సైనికులుగా. 1918 సెప్టెంబరు 23న ఆ పట్టణాన్ని టర్కీవారి నుండి పట్టుకున్నవి జోధ్‌పూర్, మైసూరు అశ్విక దళాలు. వాటితో ఒకే బ్రిగేడులో హైదరాబాదు సంస్థానపు దళం కూడా ఉన్నది. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు ఆ మూడు సంస్థానాల గుర్తులే. మన రైతుబిడ్డల గుర్రాల వెనుకనే బ్రిటిష్ పాలన పాలస్తీనాలో ప్రవేశించింది. అంతకు ముందు సంవత్సరమే, 1917 నవంబరు 2న, ఆ దేశంలో యూదుల జాతీయ నివాసాన్ని ఏర్పరచడానికి తోడ్పడుతామని బ్రిటిష్ ప్రభుత్వం బాల్ఫోర్ ప్రకటన ద్వారా మాట ఇచ్చి ఉన్నది. ఆనాటి జనాభాలో అత్యధికులు అరబ్బులు. వారిని అడిగినవారు లేరు.

ఇక రైలు మాట. జఫ్ఫా నుండి జెరూసలెంకు 1892లోనే రైలు నడిచింది. హైఫా నుండి దెరాకు, అనగా డమాస్కస్ మార్గానికి, 1905లో లైను వేశారు. యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యం సూయజ్ కాలువ ఒడ్డునుండి గాజా మీదుగా హైఫా వరకు పట్టాలు పరచింది. అవును, గాజాకు రైలు ఉండేది. ఈజిప్టునుండి బయలుదేరిన ప్రయాణికుడు గాజా స్టేషను దాటి లిద్దా జంక్షనులో బండి మారి జెరూసలెంకు పోగలిగేవాడు. నేడు గాజాలో గాని, వెస్ట్ బ్యాంకులో గాని పాలస్తీనీయులకు ప్రయాణికుల రైలు ఒక్కటీ లేదు. రైల్వేవారమైన మనకు ఈ ఒక్క వాక్యమే చాలా సంగతులు చెప్పగలదు.

ఆ రైల్వేకు హైఫాలో పెద్ద వర్కుషాపు ఉండేది. అందులో అరబ్బులు, యూదులు ఒకే కప్పు కింద పనిచేశారు. 1919లో యూదు రైల్వే కార్మికులు సంఘం పెట్టుకున్నారు. కాలక్రమంలో దాని పేరు రైల్వే, తపాలా, తంతి కార్మికుల సంఘం అయింది. మన శాఖలే! 1924 ప్రాంతంలో అరబ్బు కార్మికులు పెద్ద సంఖ్యలో ఆ సంఘంలో చేరారు, కాని నిలువలేదు. కారణమేమి? ఆ సంఘం హిస్టాడ్రూట్ అనే కేంద్ర సంస్థకు అనుబంధం. 1920లో ఏర్పడిన ఆ సంస్థ పేరులోనే "హీబ్రూ కార్మికుల" అన్న మాట ఉన్నది. పనులన్నీ యూదు కార్మికులకే దక్కాలన్నది దాని విధానం. అరబ్బులకు పూర్తి సభ్యత్వం ఇవ్వడానికి అది 1959 వరకు అంగీకరించలేదు. అందుచేత 1925లో అరబ్బు రైల్వే కార్మికులు హైఫాలో పాలస్తీనా అరబ్బు కార్మిక సంఘాన్ని స్థాపించుకున్నారు. పాలస్తీనాలో అరబ్బు కార్మికోద్యమం రైల్వే వర్కుషాపులోనే పుట్టిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

అదే దశాబ్దంలో మన బెంగాల్ నాగపూర్ రైల్వేలో వి.వి. గిరి గారు సంఘాన్ని నడుపుతున్నారు. 1927లో ఖరగ్‌పూర్ సమ్మె జరిగింది. అందులో తెలుగువారు, బెంగాలీలు, ఒరియావారు, బీహారువారు కలిసి నిలిచారు. "ఈ సంఘం బెంగాలీ కార్మికులది, మీరు బయట నిలబడి సహకరించండి" అని ఆనాడు ఎవరైనా మన తాతలతో అని ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి.

ఇప్పుడు 1946కు వద్దాం. నేటి ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే.

యుద్ధం ముగిసింది. ధరలు మండిపోతున్నవి, జీతాలు మాత్రం కదలలేదు. ఆ సంవత్సరం ఏప్రిల్ 9న టెల్ అవీవ్ తపాలా ఉద్యోగులు పని ఆపివేశారు. యూదులు, అరబ్బులు కలిసి ఆపివేశారు. కొద్ది రోజులలోనే సమ్మె దేశమంతటి తపాలా, తంతి, టెలిఫోను కార్యాలయాలకు, తరువాత రైల్వేకు, ఆపైన ప్రభుత్వ కార్యాలయాలకు వ్యాపించింది. 20,000 మందికి పైగా ఉద్యోగులు పనిమానారు. ఉత్తరాలు కదలలేదు, బండ్లు కదలలేదు. సుమారు రెండు వారాల తరువాత ప్రభుత్వం దిగివచ్చి కోర్కెలలో కొన్నింటిని అంగీకరించింది.

మూడు నెలల తరువాత అదే బ్రిటిష్ ప్రభుత్వం కింద మన దేశంలో ఏమి జరిగిందో ఈ నగరానికి తెలుసు. జూలై 11న పోస్టుమన్లు, కింది తరగతి తపాలా సిబ్బంది సమ్మెకు దిగారు. జూలై 29న వారికి మద్దతుగా కలకత్తా నగరం మొత్తం స్తంభించింది. ట్రాములు లేవు, కర్మాగారాలు లేవు, పత్రికలు లేవు. హిందువులు, ముస్లిములు ఒకే ఊరేగింపులో మైదానానికి నడిచారు. సలిల్ చౌధురి ఆ సమ్మె కోసమే ఒక పాట కట్టారు. బెంగాలీ మిత్రులు నేటికీ దానిని సభలలో పాడుతారు. హైఫాలోనూ హౌరాలోనూ ఉత్తరాల సంచులు మోసే మనిషే ఆ సంవత్సరం సామ్రాజ్యాన్ని ఆపి నిలబెట్టాడు. "ఏమి సంబంధం" అని అడిగిన మిత్రునికి మా మొదటి జవాబు ఇది.

కాని కథను ఇక్కడ ఆపితే మనలను మనమే మోసగించుకున్నట్లు అవుతుంది.

జూలై 29 తరువాత 18 రోజులకు ఆగస్టు 16 వచ్చింది. నాలుగు రోజులలో ఈ వీధులలో సుమారు 4,000 మంది మరణించారని అంచనా. పద్దెనిమిది రోజుల కిందట కలిసి నడిచిన వీధులే అవి. పాలస్తీనాలో అది కొంత ఆలస్యమైంది. 1947 సెప్టెంబరులో అరబ్బు కార్మిక సంఘ నాయకుడు సామీ తాహాను హైఫాలో కాల్చి చంపారు. నవంబరు 29న ఐక్యరాజ్యసమితి దేశ విభజనకు ఓటు వేసింది. అనుకూలం 33, వ్యతిరేకం 13. వ్యతిరేకించిన వారిలో భారతదేశం ఉన్నది. డిసెంబరు 30న హైఫా చమురు శుద్ధి కర్మాగారం గేటు వద్ద పని కోసం నిలుచున్న అరబ్బు కూలీలపై ఇర్గున్ అనే యూదు సాయుధ ముఠా బాంబులు విసరి ఆరుగురిని చంపింది. లోపల ఉన్న అరబ్బు కార్మికులు యూదు సహోద్యోగులపై పడి 39 మందిని చంపారు. మరునాటి రాత్రి యూదు దళాలు పొరుగున ఉన్న బలద్ అల్ షేఖ్ గ్రామంపై దాడిచేసి పదుల సంఖ్యలో ప్రజలను చంపినవి. 1948 ఏప్రిల్‌లో హైఫా పట్టుబడిన తరువాత, అంతకు ముందు సుమారు 70,000 మంది ఉండిన అరబ్బు జనాభా కొద్ది వేలకు దిగిపోయింది. జూలైలో లిద్దా ప్రజలను తరిమివేశారు. మొత్తం మీద 7 లక్షలకు పైగా ప్రజలు నిర్వాసితులైనారు. 400కు పైగా గ్రామాలు ఖాళీ అయినవి. ఈ విపత్తును వారు నక్బా అంటారు.

కలిసి సమ్మె చేసినవారు ఇంత త్వరలో ఎట్లా విడిపోయారు? ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వేధించింది. మాకు తోచినది చెబుతాము. ఒప్పుకోనివారు చర్చలో లేచి చెప్పవచ్చు. వారు జీతం గురించి కలిసి మాట్లాడారు. భూమి ఎవరిది, రేపటి రాజ్యం ఎవరిది, ఎవరికి అందులో చోటు లేదు అన్న మాటలు వచ్చినప్పుడు, అవి సంఘం పని కాదని పక్కన పెట్టారు. పక్కన పెట్టిన ఆ మాటలను ఇతరులు అందుకున్నారు. మన సభలలోనూ "రాజకీయాలు వద్దు, డి.ఎ. సంగతి చూడండి" అనే గొంతు వినబడుతుంది. ఆ గొంతు వినబడినప్పుడల్లా మాకు జూలై 29, ఆగస్టు 16 పక్కపక్కనే గుర్తుకు వస్తాయి.

మన తగాదా యూదు ప్రజలతో కాదన్న మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఐరోపాలో అరువది లక్షల మంది యూదులను హిట్లరు హతమార్చిన సంగతిని మరచిపోయినవాడు పాలస్తీనా చరిత్రను కూడా అర్థం చేసుకోలేడు. ఈ నగరంలోనే యూదుల ప్రార్థనామందిరాలను తరతరాలుగా కాపాడుతున్న సంరక్షకులు ముస్లిములు. న్యూ మార్కెట్‌లో నహూమ్ దుకాణానికి వెళ్లి కేకు కొన్న ప్రతివారూ ఆ వైపు ఒక్కసారి నడిచి చూడవచ్చు.

శరణార్థి అంటే ఎవరో కోల్‌కతాకు వేరే చెప్పనక్కరలేదు. విభజన తరువాత తూర్పు బెంగాల్ కుటుంబాలు సియాల్దా ప్లాట్‌ఫారాల మీద నెలల తరబడి బతికినవి. వారి మధ్యనుండే మన పెద్దలు బండ్లు నడిపారు. ఎన్ని కష్టాలు పడినా వారికి ఇక్కడ పౌరసత్వం దక్కింది, ఓటు దక్కింది. పాలస్తీనీయులలో చాలామందికి ఆ రెండూ లేవు. ఇండ్లకు తిరిగి వెళ్లగోరేవారిని వెళ్లనివ్వాలని ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరులో 194వ తీర్మానం చేసింది. అది నేటికీ కాగితంమీదనే ఉన్నది. తాళంవేసి వచ్చిన ఇంటి తాళంచెవిని తాతనుండి మనుమడు అందుకుంటున్నాడు.

వెళ్లిపోనివారి గతి మరొక విధం. మహమూద్ దర్వీష్ అనే మహాకవి 1941లో అల్ బిర్వా గ్రామంలో జన్మించాడు. 1948లో ఆ గ్రామం నేలమట్టమైంది. లెబనానుకు పారిపోయిన కుటుంబం రహస్యంగా తిరిగివచ్చేసరికి లెక్కలు పూర్తి అయినవి. వారు దేశంలో ఉన్నారు, కాని లెక్కలో లేరు. ఇటువంటివారికి "హాజరై ఉన్న గైర్హాజరీలు" అన్న పేరు వచ్చింది. మనకు గైర్హాజరు అంటే హాజరుపట్టీలో ఒక ఎర్ర గుర్తు, మహా అయితే ఒకరోజు జీతం. 1950 నాటి గైర్హాజరీల ఆస్తి చట్టం కింద వారికి పోయింది ఇల్లు, పొలం, ఆలివ్ తోట.

గస్సాన్ కనఫానీ అనే రచయిత 1936లో అక్కా పట్టణంలో పుట్టి, పన్నెండవ ఏట శరణార్థి అయి, 1972లో బేరూతులో కారు బాంబుకు బలి అయినాడు. 1963లో ఆయన రాసిన "ఎండలో మనుషులు" అనే చిన్న నవలను మనవారు తప్పక చదవాలి. ముగ్గురు పాలస్తీనీయులు కువైట్‌లో పనికోసం ఖాళీ నీళ్ల ట్యాంకరులో దాగి సరిహద్దు దాటబోతారు. ట్యాంకరు ఎండలో ఆగుతుంది. తరువాతిది చెప్పము, చదవండి. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న మాట కరీంనగరులో విన్నవారికి ఆ ముగ్గురినీ పరిచయం చేయనక్కరలేదు.

వారి స్త్రీల సూదిపనిని గురించి కూడా తెలుసుకోవాలి. దుస్తుల మీది అల్లికనుబట్టి ఆ స్త్రీ ఏ ప్రాంతందో చెప్పగలిగేవారట. మనవారు చీర అంచుచూచి నేసిన ఊరు చెప్పినట్లు. ఊరు పోయినా అల్లిక మిగిలింది. 2021లో యునెస్కో ఆ కళను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది.

తపాలా సోదరులకు ఒక సంగతి. పాలస్తీనీయులకు విదేశాలనుండి వచ్చే ఉత్తరాలు ఇజ్రాయెల్ అనుమతి లేనిదే చేరవు. 2010 నుండి జోర్డానులో నిలిచిపోయిన తపాలాను 2018 ఆగస్టులో వదిలారు. పది టన్నులకు పైగా సంచులు! జెరికో తపాలా కార్యాలయంలో సిబ్బంది నేలమీద గుట్టలు పోసి విడదీశారు. ఉత్తరాలు, మందులు, చక్రాల కుర్చీ కూడా అందులో ఉన్నవి. ఎనిమిదేండ్ల తరువాత మందు ఎవరికి పనికివస్తుంది? చిరునామాదారు బతికి ఉన్నాడో లేడో తెలియని ఉత్తరాన్ని చేతిలో పట్టుకున్న ఆ సార్టరు మన మనిషి కాడా?

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది మరణించారు, సుమారు 250 మంది బందీలైనారు. నిరాయుధులను చంపడాన్ని మేము ఏ పేరుతోనూ సమర్థించము. ఆ తరువాత గాజాపై సాగిన యుద్ధంలో, అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం, 2025 అక్టోబరు కాల్పుల విరమణ నాటికి 67,000 మందికి పైగా పాలస్తీనీయులు మరణించారు.

ఈ యుద్ధం మన గుమ్మంలోకి కూడా వచ్చింది. ఇజ్రాయెల్‌లో పనిచేసే లక్షకు పైగా పాలస్తీనా కార్మికుల అనుమతులు నిలిచిపోయినవి. ఆ ఖాళీలలోకి హర్యానా, ఉత్తరప్రదేశ్, తెలంగాణల నుండి భవన నిర్మాణ కార్మికులను ఎంపిక చేసి పంపారు. కేంద్ర కార్మిక సంఘాలు దీనిని ఖండించినవి. 2024 ఫిబ్రవరిలో మన ఓడరేవుల కార్మికుల సమాఖ్య ఆ యుద్ధానికి పోయే ఆయుధాలను ఎత్తబోమని ప్రకటించింది. ఓడరేవు వారిని అభినందించడం సులభం. నిజామాబాదునుండి వెళ్లిన తాపీపనివానితో మాట్లాడడం కష్టం. అతని అప్పు నిజం, ఇంటిదగ్గర ఆకలి నిజం. అతనిని ద్రోహి అని పిలవడానికి మాకు నోరు రాదు. కాని గేటు బయట నిలబెట్టిన మనిషి చోటులోకి తనను పంపుతున్నారన్న సంగతి అతనికి ఎవరు చెప్పారు? 1974 మే నెలలో మన స్థానాలలోకి ఇతరులను తెచ్చి బండ్లు నడిపినప్పుడు మన కుటుంబాలు పడిన బాధ ఇంకా ఇక్కడి పెద్దలకు జ్ఞాపకం ఉన్నది.

అందుచేత వచ్చే నెలనుండి నెలకు ఒక ఆదివారం ఇదే హాలులో చదువుకుందామని ప్రతిపాదిస్తున్నాము. మొదటిది కనఫానీ నవల. రెండవది 1946 ఏప్రిల్ సమ్మె చరిత్ర. మూడవసారి తెలంగాణ వలస కార్మికుల కుటుంబాలతో మాట్లాడి వచ్చినవారు చెబుతారు. మరొక మనవి. మీ తండ్రులో తాతలో 1946 జూలై సమ్మెలో ఉండి ఉంటే వారి పాత పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. కరపత్రం, చందా రసీదు, ఫోటో, ఏది దొరికినా, ఏ భాషలో ఉన్నా, తీసుకురండి. నకలు తీయించుకుని అసలును మీకు తిరిగి ఇస్తాము.