పాత సినిమా యంత్రము – తీగల పునరుద్ధరణ



పుస్తకములు దాచు చోట సినిమా యంత్రపు ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఒకప్పుడు ప్రచార శాఖవారి వ్యాను ఊరి నడుమ నిలిచి, తెల్లని తెర కట్టి, చీకటి పడగానే బొమ్మ ఆడించుచుండెను. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ వారి చిత్రములను చదువురానివారు సైతము ఆ తెరపై చూచిరి. అట్టి యంత్రములు కొన్ని నేటికిని పాఠశాలల అటకలపైనను, కార్యాలయముల మూలలయందును దుమ్ముపట్టి యున్నవి. 2010 తరువాతి కొద్ది యేండ్లలో థియేటర్లు ఫిలిమును విడిచి డిజిటల్ పద్ధతికి మారుటతో వాటిని బాగుచేయు చేతులు అరుదైనవి. బయటకు తీసి ప్లగ్గు పెట్టి చూతమను ఉత్సాహవంతులు మాత్రము తగ్గలేదు. ఏండ్ల తరబడి కదలని యంత్రమునకు అట్లు ప్లగ్గు పెట్టుట ప్రాణాపాయము.

గ్రామములకు వచ్చినవి ఎక్కువగా 16 మిల్లీమీటర్ల యంత్రములు. ఈ కొలత ఫిలిమును 1923లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టెను. భగ్గున మండు నైట్రేటుపై గాక ఆసిటేటుపై తయారగుటచే అది పాఠశాలలకు తగినదయ్యెను. మాటల చిత్రము సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషమునకు 36 అడుగులు నడచును. అమెరికాలోని బెల్ అండ్ హోవెల్ సంస్థవారి ఫిల్మోసౌండు ఈ జాతిలో పేరుపడినది.

ఇట్టి యంత్రములనేకము 110 వోల్టులకు నిర్మింపబడినవి. ఈ దేశపు కరెంటు 230 వోల్టులు. నడుమ బరువైన ట్రాన్స్‌ఫార్మరొకటి ఉండవలెను. యంత్రము మిగిలి ట్రాన్స్‌ఫార్మరు పోయిన సందర్భములు కలవు. అట్టిదానిని నేరుగా గోడ ప్లగ్గునకు తగిలించినచో 750 వాట్ల దీపము ఒక్క మెరుపు మెరసి పోవును. వాల్వులకు శక్తినిచ్చు లోపలి భాగములును మాడును. కావున పనివాడు ముందుగా చేయవలసినది యంత్రముపైనున్న రేకు బిళ్లను చదువుట.

ఆనాటి తీగలకు రబ్బరు తొడుగు, దానిపై నూలు అల్లిక ఉండెడివి. దీపపు వేడికి, వయస్సుకు రబ్బరు ఎండి, వంచినంతనే అప్పడమువలె విరుగును. పైనున్న నూలు చెక్కుచెదరక కనబడుటయే ఇందలి మోసము. కదిపినప్పుడు రాగి బయటపడి యంత్రపు లోహమునకు తగులును. పాత ప్లగ్గులకు రెండు పిన్నులే గాని ఎర్తు లేదు. అట్టి యంత్రమును ముట్టినవాని దేహమే ఎర్తగును. బొమ్మ ఆడుచోట యంత్రము చుట్టు మూగువారు పిల్లలు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి లోహమును ఎర్తుకు కలుపుట మొదటి విధి.

తీగలనన్నిటిని ఒక్కమారు పెరికివేసినవాడు మరల కలుపలేడు. ముందుగా ఫోటోలు తీసి, ప్రతి కొనకు చీటీ కట్టి, ఒక తీగ తీసి దాని స్థానమున క్రొత్తది వేసి, మాటు వేసిన పిదపనే రెండవదానిని ముట్టవలెను. మాటుకు రెజిను నింపిన తగరపు తీగయే తగినది. రేకుపనివారి ఆమ్లము కాలక్రమమున రాగిని తినివేయును.

దీపపు గది తీరు వేరు. అచట దాదాపు 7 ఆంపియర్లు పారును. సామాన్యమైన పి.వి.సి. తీగ 70 డిగ్రీలకు మించిన వేడికి తగదు, మెత్తబడును. గాజునూలు అల్లిక గల సిలికోను తీగ వలయును. పాత తీగపై తెల్లని పీచున్నచో ఆస్‌బెస్టాసని అనుమానింపవలెను. దాని ధూళి క్యాన్సరు కారకము; గోకరాదు, ఊదరాదు, తెలిసినవారికి అప్పగించుట మేలు.

చాల యంత్రములలో మోటారు తిరిగి పంకా గాలి కొట్టనిదే దీపము వెలుగకుండునట్లు స్విచ్చి అమర్చబడినది. తొందరలో దీపమునకు వేరు స్విచ్చి పెట్టి ఈ క్రమమును చెరచినవారు కలరు. గాలి లేనిచో దీపపు గాజు మెత్తబడి పొక్కు పొంగును. కదలక నిలిచిన ఫిలిము కరగును.

శబ్దభాగము మిక్కిలి ఓర్పు కోరును. ఫిలిము అంచున ముద్రితమైన శబ్దరేఖగుండ చిన్న దీపపు వెలుగు పోయి ఫోటోసెల్లుపై పడును. ఆ దీపమునకు 50 ఆవృత్తుల కరెంటును నేరుగా ఇచ్చినచో వెలుగు సెకనుకు 100 మారులు హెచ్చుతగ్గులై లౌడుస్పీకరున రొద పుట్టును. అందుచే పలువురు నిర్మాతలు చెవికందని ఆవృత్తిగల విద్యుత్తును వాల్వుతో పుట్టించి దానికిచ్చిరి. ఫోటోసెల్లు తీగకు లోహపు జాలి కవచముండును. దానికి మారుగా మామూలు తీగ వేసిన పుణ్యాత్ములవలన మంచి యంత్రములు కూడ గొంతు పోగొట్టుకొన్నవి.

తీగలతోబాటు పాత కండెన్సర్లను మార్చవలెను. కాగితపు కండెన్సరు పాడైనచో వాల్వు గ్రిడ్డుపై ధనవిద్యుత్తు చేరి, వాల్వు కాగి ట్రాన్స్‌ఫార్మరును మాడ్చును. పెద్ద కండెన్సర్లలో ప్లగ్గు తీసిన పిదపకూడ 300 వోల్టులు నిలిచియుండవచ్చును. దానిని నిరోధకముగుండ దింపి, మీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. ఒక చేతిని జేబులో ఉంచుకొను పాత రేడియో పనివారి అలవాటు నవ్వదగినది కాదు. రెండు చేతులు తగిలినచో విద్యుత్తు రొమ్ముమీదుగా పోవును.

పని ముగిసిన పిదప, ఇన్సులేషను మీటరుతో కరెంటు తీగకును లోహమునకును నడుమ పరీక్షించి, పెద్ద దీపమును తీసివేసి, 100 వాట్ల బల్బొకటి వరుసలో కలిపి తొలి కరెంటు ఇయ్యవలెను. ఆ బల్బు పూర్తి వెలుగుతో నిలిచినచో ఎచటనో షార్టు కలదు. మందగించినచో ముందుకు సాగవచ్చును. పిదప పనికిరాని ఫిలిము ముక్కను చుట్టగా అతికి గంటసేపు త్రిప్పి గీతలు పడుచున్నవేమో చూడవలెను. అటుపిమ్మటనే దాచిన రీలు పెట్టె మూత తెరువవలెను. సిర్కా వాసన కొట్టి, ఫిలిము ముడుచుకొని యున్నచో ఆ రీలును యంత్రమున కెక్కింపరాదు.