బీమా మధ్యవర్తులపై అజమాయిషీ ఎవరిది? జవాబుదారీ ఎవరిది?

(సూరత్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ నగరమునకు బీమా కొత్త విషయము కాదు. తాపీ నదీముఖమునకు ఓడలు వచ్చిపోవు కాలమున ఇచ్చటి షరాబులు సరకుపై బీమా వ్రాసెడివారు. సరకు క్షేమముగా చేరినప్పుడే సొమ్ము చెల్లించవలెనను షరతుతో జోఖమీ హుండీలు నడిచెడివి. దలారి అప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. అతనిపై అజమాయిషీ మాత్రము పలుమార్లు చేతులు మారినది. ఆ మార్పిడి వలన మనకు, అనగా నెలజీతము నుండి ప్రీమియము కోతపడు వారికి, ఏమి ఒరిగినదో నేడు విచారించదలచితిమి.

1938 నాటి బీమా చట్టము ఏజెంటుకు లైసెన్సు, కంపెనీలపై సూపరింటెండెంటు (తరువాతి పేరు కంట్రోలరు) అను ఏర్పాటు చేసినది. 1956లో 245 సంస్థల జీవిత బీమా వ్యాపారమును ప్రభుత్వము స్వాధీనపరచుకొని ఎల్.ఐ.సి.ని నెలకొల్పినది. 1973 జనవరి నుండి సాధారణ బీమా కూడ జాతీయమైనది. అటుపిమ్మట బీమా సంస్థా ప్రభుత్వమే, కంట్రోలరూ ప్రభుత్వమే. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన 1993లో నియమింపబడిన సంఘము మరుసటి సంవత్సరము నివేదిక సమర్పించి, ప్రైవేటు కంపెనీలకు ద్వారము తెరువవలెననియు, స్వతంత్ర నియంత్రణ సంస్థను స్థాపింపవలెననియు సిఫారసు చేసినది. మొదటి సిఫారసును బీమా ఉద్యోగ సంఘములు ప్రతిఘటించినవి. ఆ ప్రతిఘటన న్యాయమైనదనియే మా అభిప్రాయము. ఐనను 1999లో శాసనము వచ్చినది. 2000 సంవత్సరమున ఐ.ఆర్.డి.ఎ. ఏర్పడి, మరుసటి ఏట దాని ప్రధాన కార్యాలయము ఢిల్లీ నుండి మన హైదరాబాదునకు తరలినది. ఏజెంట్లు, సర్వేయర్లు, తరువాత బ్రోకర్లు, ఆరోగ్య బీమా క్లెయిములు చూచు మూడవపక్ష సంస్థలు అన్నియు దాని పరిధిలోనికి వచ్చినవి.

కాగితముపై ఇది గొప్ప మార్పు. ఏజెంటు కాగోరువాడు 100 గంటల శిక్షణ పొంది పరీక్ష ఉత్తీర్ణుడు కావలెనన్నారు. మంచిదే. కాని 2000 నాటి నిబంధనలు చదివినవారికి ఒక విషయము తెలియును: లైసెన్సు అథారిటీ పేరిట వెలువడినను, దానిని జారీ చేయు అధికారము కంపెనీలోని ఒక అధికారికి ఈయబడినది. అతడు సాధారణముగా అమ్మకముల శాఖను నడుపువాడే! అమ్మకములు పెంచవలసిన వానికే అమ్మువాని యోగ్యతను నిర్ణయించు పని అప్పగించినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

2015 సవరణ చట్టముతో ఆ ముసుగు కూడ తొలగినది. ఏజెంటు నియామకము సూటిగా కంపెనీకే వదలబడి, బ్రోకర్లు, కార్పొరేట్ ఏజెంట్లు మొదలగువారు మాత్రము నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషను క్రింద మిగిలినారు. అయితే ఆ సవరణలో మనకు పనికివచ్చు మాట ఒకటి గలదు. ఏజెంటు చేసిన పనులకు, చేయక విడిచిన పనులకు కంపెనీయే బాధ్యత వహింపవలెననియు, కోటి రూపాయల వరకు జరిమానాకు లోనగుననియు అందు వ్రాసినారు. కార్మిక సంఘములు అడుగవలసిన ప్రశ్న ఇదియే: పర్యవేక్షించువాడు ఎవరన్నది తరువాత, మధ్యవర్తి పొరపాటు చేసిననాడు నష్టము ఎవరి ఖాతాలో పడును?

బ్రిటనులో 2005 జనవరి వరకు సాధారణ బీమా మధ్యవర్తులను వృత్తిదారులు స్వయముగా నెలకొల్పుకొన్న మండలి పర్యవేక్షించెడిది. ఆ నెలలో ఆ పనిని శాసనబద్ధ సంస్థకు అప్పగించినారు. అచ్చట స్వయం నియంత్రణ నుండి చట్టమునకు పోయినారు. ఇచ్చట ఏజెంటు విషయమున చట్టము నుండి కంపెనీ చేతికి వచ్చినాము.

ఇక మన విషయము. 1997లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యమొకటి. పాలసీదారు ప్రీమియము క్రింద ఏజెంటు చేతికి బేరర్ చెక్కు ఇచ్చినాడు. ఏజెంటు దానిని సొమ్ము చేసికొని రెండు నెలలు ఉంచుకొన్నాడు. పాలసీదారు ప్రమాదమున మరణించిన మరునాడు ఆ సొమ్మును ఎల్.ఐ.సి.కి కట్టినాడు! ప్రీమియము వసూలు చేయు అధికారము ఏజెంటుకు నిబంధనల ప్రకారము లేదు గనుక సంస్థ బాధ్యురాలు కాదని కోర్టు తీర్పు చెప్పినది. ఏజెంటు చేతికి డబ్బు ఈయరాదని మేము పదే పదే హెచ్చరించుటకు కారణమిదే.

1999లో వచ్చిన మరియొక తీర్పు మనకు మరింత ముఖ్యమైనది. అది జీతము నుండి కోత ద్వారా ప్రీమియము చెల్లించు పథకమునకు సంబంధించినది. ఢిల్లీ విద్యుత్ సరఫరా సంస్థ ఉద్యోగి ఒకరు మరణించినారు. యజమాని సంస్థ ప్రీమియమును సకాలమున చేర్చనందున పాలసీ రద్దైనదని ఎల్.ఐ.సి. వాదించినది. ఈ పథకమున యజమానియే ఎల్.ఐ.సి. తరఫున వసూలు చేయు ఏజెంటు, ఉద్యోగికి నోటీసు రాదు, రసీదు రాదు, కావున బాధ్యత ఎల్.ఐ.సి.దే అని సుప్రీంకోర్టు నిర్ణయించినది. 2005లో ఆ సూత్రమునే మరల స్థిరపరచినది.

దీని అర్థమేమి? రైల్వేలో జీతపు బిల్లు తయారుచేయు గుమాస్తా మన పాలసీకి నిజమైన మధ్యవర్తి. అతనికి బీమా శిక్షణ లేదు, కమీషను లేదు, నియంత్రణ సంస్థ రిజిస్టరులో అతని కార్యాలయము పేరు లేదు. బదిలీపై ఉద్యోగి మరియొక డివిజనుకు పోయినప్పుడు కోత ఆగిపోవుట, కోత పడినను పాత కార్యాలయపు జాబితాలో సొమ్ము చిక్కుకొనుట మన సభ్యులకు అనుభవమే. అజమాయిషీ ఢిల్లీలో ఉన్నను, హైదరాబాదులో ఉన్నను ఈ లంకెను చూచువారు లేరు.

తపాలా సోదరుల సంగతి మరియు చిత్రము. తపాలా జీవిత బీమా 1884 ఫిబ్రవరి 1న తపాలా ఉద్యోగుల కొరకే ప్రారంభమైనది. గ్రామీణ తపాలా జీవిత బీమా 1995లో వచ్చినది. ఈ రెండును 1938 చట్టము నుండి మినహాయింపబడినవి. వీటిపై అధికారము తపాలాశాఖదే. 2018లో ప్రారంభమైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మాత్రము ప్రైవేటు బీమా కంపెనీలకు కార్పొరేట్ ఏజెంటు. ఆ పని నియంత్రణ సంస్థ క్రిందిది. కనుక ఒకే డాక్ సేవకుడు ఒకే సంచిలో రెండు పాలసీల దరఖాస్తులు పెట్టుకొని ఒకే గడపకు పోవుచున్నాడు. మొదటి దానిపై ఫిర్యాదు వచ్చినచో శాఖాధికారి విచారించును, రెండవ దానిపై బ్యాంకు, కంపెనీ, నియంత్రణ సంస్థ. లింబాయత్, ఉధనా ప్రాంతములలో మగ్గముల పని చేసికొను మన పద్మశాలీ కుటుంబములకు ఈ భేదము ఎట్లు తెలియును? వారికి తెలిసినది ఖాకీ చొక్కా మాత్రమే. లక్ష్యములు పూర్తి చేయవలెనని పైనుండి ఒత్తిడి, తప్పు జరిగిననాడు క్రింది ఉద్యోగిపై చార్జిషీటు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయము నుండి నీరు వదలినప్పుడు సూరత్ నగరములో అధిక భాగము మునిగినది. అట్టి సమయమున ఇంటికి, దుకాణమునకు బీమా ఉన్నవాడు సర్వేయరు రాకకై ఎదురుచూచును. నాటి చట్టము ప్రకారము 20,000 రూపాయలు మించిన నష్టమునకు సర్వేయరు నివేదిక తప్పనిసరి. అతనికి లైసెన్సు ఇచ్చినది నియంత్రణ సంస్థ. పని అప్పగించి ఫీజు చెల్లించునది బీమా కంపెనీ. అతని కలము ఎటు మొగ్గునో ఊహింపవచ్చును.

మనవారికి కూడ ఒక మాట. భార్య పేరిట ఏజెన్సీ తీసికొని కార్యాలయములో పాలసీలు కట్టించుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. కుటుంబసభ్యుల బీమా ఏజెన్సీ కొరకు ప్రచారము చేయుట నియమోల్లంఘనగా పరిగణింపబడునని అందు స్పష్టముగా ఉన్నది. ఏజెంటు కమీషనులో వాటా అడుగుట కూడ బీమా చట్టము నిషేధించిన పనియే. ఈ మాట కొందరికి రుచింపదని ఎరుగుదుము.

కావున ఫెడరేషన్ పక్షాన మేము కోరునవి ఇవి. జీతము నుండి కోత పడిన నాడే ప్రీమియము చెల్లినట్లు పరిగణింపబడవలెను; 1999 తీర్పు కొరకు ప్రతి వితంతువు కోర్టుకెక్కు పరిస్థితి ఉండరాదు. కోతను చేర్చు కార్యాలయములను తనిఖీ చేయు బాధ్యతను చట్టపూర్వకముగా ఒకరికి అప్పగింపవలెను. తపాలాశాఖ బీమాకు శాఖేతరుడైన ఫిర్యాదుల పరిష్కర్త కావలెను. పేమెంట్స్ బ్యాంకు ద్వారా అమ్మబడు పాలసీపై అది ప్రైవేటు కంపెనీదని తెలుగు, గుజరాతీ లిపులలో పెద్ద అక్షరములతో ముద్రింపవలెను.

ఈలోగా ప్రతి శాఖ కార్యదర్శి, కోత పడియు పాలసీ ఖాతాలో జమకాని ఉదంతములను జీతపు చీటీల నకళ్లతో, పాలసీ సంఖ్యలతో సేకరించి ఫెడరేషన్ కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము. బదిలీపై వచ్చినవారి చీటీలను ముందుగా పరిశీలింపుడు.