గాలికి లెక్క



వాయువునకు రూపము లేదనియు, గంధము పృథివీగుణమనియు తార్కికులు చెప్పుదురు. కావున గాలి వాసన వేసినచో అందు మఱియొక ద్రవ్యము చేరినదని యర్థము. మిరపచేనికి మందు కొట్టిన దినమున మనము ముక్కు మూసికొని, వాసన పోగానే మందును పోయినదని తలంతుము. అది పొరపాటు. కొన్ని మందులు ఆకులనుండియు నేలనుండియు ఎండవేడికి ఆవిరియై మఱికొన్ని దినములు లేచుచునే యుండును. ముక్కునకు అందని దానిని కొలిచియే తెలిసికొనవలెను.

కొలుచుట యెట్లు? చిన్న గొట్టములో రెసిను అను సన్నని పూసలు నింపి, దానిగుండ ఒక పంపుతో 24 గంటలు గాలిని లాగుదురు. మందు పూసలకు పట్టుకొనును. ప్రయోగశాలలో దానిని కడిగి తీసి, ఘనమీటరు గాలిలో ఎన్ని నానోగ్రాములున్నవో తేల్చుదురు. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. ఇంత స్వల్పమునకు ఇంత యార్భాటమేల యనకుడు. మనము దినమునకు పీల్చు గాలి 10 ఘనమీటర్లకు మించును. శరీరపు బరువును బట్టి చూచిన, పసిపిల్లలు మనకంటె హెచ్చుగా పీల్తురు.

ఇట్లు కొలుచువారిలో అమెరికాలోని కాలిఫోర్నియావారు చెప్పదగినవారు. అచ్చట 1990 నుండి ఏ పొలమున ఏ మందు ఎంత వాడిరో రైతులు లెక్క చెప్పవలెను. 2011లో షాఫ్టర్, సాలినాస్, రిపన్ అను సేద్యపుటూళ్లలో వారమునకొక దినము గాలిని పట్టి 30కి పైగా మందులకై పరీక్షింప నారంభించిరి. వాడుకచిట్టా యొకవైపు, గాలిచిట్టా మఱియొకవైపు! జమ వ్రాసి ఖర్చు వ్రాయని కవిలెను ఏ జమాబందిలో ఒప్పుదురు?

మనకో? 2009లో మన దేశమున ప్రకటించిన వాయునాణ్యతా ప్రమాణములలో 12 కాలుష్యములు కలవు; పురుగుమందు ఒక్కటియు లేదు. పట్టణపు పొగకు కొలత యున్నది, పల్లె మందునకు లేదు. కేరళలోని కాసరగోడున జీడిమామిడి తోటలపై 2000 వఱకు హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లిరి. సుప్రీంకోర్టు దానిని 2011లో నిషేధించినది. బాధితులు మాత్రము పరిహారమునకై ఏండ్లతరబడి తిరుగవలసివచ్చెను. అట్టి తగవులలో, మందు కొట్టిననాటి కొలత చేత లేనివాని మాట గాలిలో కలియును.

పంపును, ప్రయోగశాలను మన యూరు తేలేదు. మొదటి చిట్టాకు ఒక నోటుపుస్తకము చాలును: తేది, సర్వే నంబరు, మందు పేరు, పరిమాణము, నాటి గాలివాలు. గీతలు గీసి తెచ్చితిని. పత్రికల బల్లపై నున్నది. నా రెండెకరముల మిరప లెక్క మొదటి పుటలో వ్రాసితిని. రెండవ పుట ఖాళీగా నున్నది.